మరియానో రివేరా, రిలీఫ్ పిచర్ జీవితం: తరచుగా అడిగే ప్రశ్నలు

బేస్‌బాల్‌లో మ్యాచ్ మొదలుపెట్టే పిచర్ (క్రికెట్‌లో బౌలర్ లాంటివాడు) పేరు అందరికీ తెలుస్తుంది. ఏడెనిమిది ఇన్నింగ్స్ అయ్యాక, ఒక్క రన్ తేడాతో ఆట నడుస్తుంటే బంతి అందుకునే మనిషి గురించి తెలుగులో రాసినవి చాలా తక్కువ. ఆ పనిలో అందరికంటే గొప్పవాడు మరియానో రివేరా. 1995 నుంచి 2013 వరకు న్యూయార్క్ యాంకీస్‌కి ఆడాడు. ఆటలో గొప్పవాళ్లకు చోటిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్ ఓటింగ్‌లో క్రీడా రచయితల ఓట్లు ఒక్కటీ పోకుండా అన్నీ పడిన ఆటగాడు ఇప్పటిదాకా అతనొక్కడే. క్రికెట్ చూసే అలవాటుతో ఈ ఆట పట్టుకోవాలనుకునేవాళ్లకీ, అమెరికాలో పిల్లల్ని బేస్‌బాల్‌కి పంపుతున్న తల్లిదండ్రులకీ పనికొస్తుందని అతని కెరీర్‌నే ముందు పెట్టుకుని ఈ జవాబులు రాస్తున్నాను.

రిలీఫ్ పిచర్ అంటే ఎవరు?

మ్యాచ్‌కి తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్కోదానిలో రెండు జట్లూ మూడేసి అవుట్లయ్యేదాకా బ్యాటింగ్ చేస్తాయి. మొదట బంతి వేసేవాడు స్టార్టర్. అతను అలిసిపోయినా, దెబ్బ మీద దెబ్బ తింటున్నా మేనేజర్ అతన్ని దించేసి ఇంకొకర్ని పిలుస్తాడు. అలా మధ్యలో వచ్చే ప్రతి ఒక్కరూ రిలీఫ్ పిచరే.

మనవాళ్లు వెంటనే డెత్ ఓవర్ల బౌలర్‌తో పోలుస్తారు. సగం వరకు సరిపోతుంది. బుమ్రా మూడో ఓవర్ వేసి, పక్కకు తప్పుకుని, మళ్లీ పద్దెనిమిదో ఓవర్‌కి రావచ్చు. బేస్‌బాల్‌లో ఒకసారి మ్యాచ్ నుంచి తప్పించిన ఆటగాడు ఆ మ్యాచ్‌లో మళ్లీ అడుగు పెట్టడానికి వీల్లేదు. అందుకే ఎవర్ని ఎప్పుడు దించాలి, ఎవర్ని చివరి దాకా దాచుకోవాలి అన్నది మేనేజర్‌కి రోజూ ఉండే తలనొప్పి.

వీళ్లలో రకాలు ఉన్నాయా?

ఉన్నాయి. స్టార్టర్ తొందరగా చేతులెత్తేస్తే రెండు మూడు ఇన్నింగ్స్ లాక్కొచ్చేవాడు లాంగ్ రిలీవర్. ఎనిమిదో ఇన్నింగ్ ప్రాంతంలో ఆధిక్యాన్ని కాపాడేవాడు సెటప్ పిచర్. ఆఖరి ఇన్నింగ్ వేసి మ్యాచ్ ముగించేవాడు క్లోజర్. క్లోజర్‌కి ఒక్క ఇన్నింగ్ మాత్రమే అప్పజెప్పే పద్ధతి 1980ల చివర్లో ఓక్లాండ్‌లో మేనేజర్ టోనీ లా రూసా, క్లోజర్ డెనిస్ ఎకర్స్‌లీతో చేసి చూపించాక బాగా స్థిరపడింది. అంతకుముందు రోలీ ఫింగర్స్, గూస్ గాసేజ్ లాంటివాళ్లు రెండేసి, మూడేసి ఇన్నింగ్స్ వేసేవాళ్లు.

చిన్నప్పటి నుంచే రిలీఫ్ పిచర్ కావాలని ఎవరైనా కలలు కంటారా?

దాదాపు ఎవరూ కనరు. ఎక్కువమంది స్టార్టర్ కాబోయి కాలేకపోయినవాళ్లే. స్టార్టర్‌కి కనీసం మూడు రకాల బంతులు చేతిలో ఉండాలి, ఎందుకంటే ఒకే బ్యాటర్‌ని ఒకే రోజు రెండు మూడుసార్లు ఎదుర్కోవాలి. రెండు రకాలే బాగా వేయగలిగినవాణ్ని, లేదా తొంభై బంతులు వేసే ఓపిక లేనివాణ్ని బుల్‌పెన్‌కి, అంటే రిలీఫ్ పిచర్లు ఉండే చోటికి, పంపిస్తారు. ఇంకొందరు వేరే పని నుంచి వస్తారు. 601 సేవ్‌లు (అంటే ఏంటో కింద చెప్తాను) చేసిన ట్రెవర్ హాఫ్‌మన్ మొదట షార్ట్‌స్టాప్, అంటే రెండో, మూడో బేస్‌ల (రన్ తీసేవాడు వరసగా చేరాల్సిన చోట్ల) మధ్య నిలబడే ఫీల్డర్. కెన్లీ జాన్సెన్ క్యాచర్‌గా (వికెట్‌కీపర్ లాంటివాడు) కింది స్థాయి మైనర్ లీగ్‌లో చేరి, బ్యాటింగ్ కుదరక పిచర్ అయ్యాడు.

రివేరా కథ కూడా ఇలాంటిదే. అతనూ షార్ట్‌స్టాపే. పెద్ద లీగ్‌లో మొదటి మ్యాచ్ స్టార్టర్‌గానే ఆడాడు, చిత్తుగా దెబ్బతిన్నాడు.

రివేరా యాంకీస్‌కి ఎలా దొరికాడు?

పనామాలోని ప్యూర్టో కైమిటో అనే చేపల రేవులో పెరిగాడు. తండ్రి చేపల పడవ కెప్టెన్. పిల్లలకు గ్లవ్‌లు కొనే స్తోమత లేదు. పాల డబ్బాల అట్టలే గ్లవ్‌లు, చెట్టు కొమ్మ బ్యాటు, పాత వల ముక్కలు చుట్టి టేపు వేస్తే అదే బంతి. చదువు ఆపేశాక తండ్రి పడవలోనే సార్డిన్ చేపల వేటకు వెళ్లేవాడు. ఒకసారి పడవ మునిగిపోతుంటే వదిలేసి బయటపడాల్సి వచ్చింది. ఆ పని తనకు సరిపడదని అప్పుడే తేల్చుకున్నాడు.

స్థానిక జట్టులో ఒకరోజు పిచర్ బాగా వేయలేకపోతుంటే, షార్ట్‌స్టాప్‌లో ఉన్న ఇతను నేను వేస్తానని ముందుకొచ్చాడు. బాగా వేశాడు. తోటి ఆటగాళ్లే కొత్త ఆటగాళ్లను వెతికే యాంకీస్ స్కౌట్‌కి కబురు పెట్టారు. అంతకుముందు అతన్ని షార్ట్‌స్టాప్‌గా చూసి వద్దనుకున్న హెర్బ్ రేబోర్న్ ఈసారి యాంకీస్ తరఫున పిచర్‌గా చూశాడు. వేగం గంటకు 140 కిలోమీటర్లు కూడా దాటలేదు. అయినా చెయ్యి కదిలే తీరు, ఏ శ్రమా లేకుండా బంతి వెళ్లే పద్ధతి ఆయనకు నచ్చాయి. 1990 ఫిబ్రవరిలో చాలా చిన్న మొత్తానికి సంతకం చేయించారు.

ఆ ఏడాది ఫ్లోరిడాలోని రూకీ లీగ్‌లో 52 ఇన్నింగ్స్ వేసి ఈఆర్ఏ 0.17 నమోదు చేశాడు. ఈఆర్ఏ అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున పిచర్ ఖాతాలో పడే రన్స్. మూడు అంటే మంచిది, రెండు అంటే అద్భుతం. ఇంగ్లిష్ ఒక్క ముక్క రాదు. సహచరులతో, కోచ్‌లతో మాట్లాడలేక ఏడ్చిన రోజులున్నాయని తర్వాత అతనే చెప్పాడు. పట్టుబట్టి నేర్చుకున్నాడు, తర్వాత వచ్చిన స్పానిష్ కుర్రాళ్లకు కూడా నేర్చుకోమని చెప్పేవాడు.

మొదట్లోనే అందరూ గుర్తించారా?

లేదు. ఈ భాగం చాలామందికి తెలియదు. 1992లో మోచేతికి ఆపరేషన్ అయింది. ఆ ఏడాది చివర్లో రెండు కొత్త జట్లు, ఫ్లోరిడా మార్లిన్స్, కొలరాడో రాకీస్, లీగ్‌లోకి వచ్చినప్పుడు పాత జట్లు కాపాడుకునే ఆటగాళ్ల జాబితాలో యాంకీస్ ఇతని పేరు పెట్టలేదు. ఆ రెండు జట్లూ తీసుకోలేదు. ఎవరో ఒకరు చెయ్యి ఎత్తి ఉంటే కథే మారిపోయేది.

1995 మే 23న కాలిఫోర్నియా ఏంజెల్స్ మీద మొదటి మ్యాచ్. నాలుగు ఇన్నింగ్స్ కూడా పూర్తి చేయకుండా ఐదు రన్స్ ఇచ్చాడు. కొన్ని వారాలకు మళ్లీ మైనర్స్‌కి పంపేశారు. డేవిడ్ వెల్స్ కోసం ఇతన్ని డెట్రాయిట్‌కి ఇచ్చేద్దామన్న ఆలోచన యాంకీస్‌లో నడుస్తున్న సమయంలో యాంకీస్ మైనర్ లీగ్ జట్టు ఉన్న కొలంబస్ నుంచి ఒక రిపోర్టు వచ్చింది: 145 దగ్గర ఉండే వేగం ఉన్నట్టుండి 153 కిలోమీటర్లు దాటింది. జనరల్ మేనేజర్ జీన్ మైకేల్ మొదట నమ్మలేదు, వేరే చోట విచారించి నిర్ధారించుకున్నాక బేరం ఆపేశాడు. జులై 4న షికాగో వైట్ సాక్స్ మీద ఎనిమిది ఇన్నింగ్స్ వేసి ఒక్క రన్ ఇవ్వలేదు, 11 మందిని స్ట్రైక్‌అవుట్ (మూడు స్ట్రైక్‌లతో అవుట్) చేశాడు.

1996లో అతన్ని జాన్ వెటెలాండ్‌కి ముందు వేసే సెటప్ పిచర్‌గా పెట్టారు. 107 ఇన్నింగ్స్‌కి పైగా వేశాడు, 130 స్ట్రైక్‌అవుట్లు, ఈఆర్ఏ 2.09. నా దృష్టిలో అతని కెరీర్‌లో అన్నింటికంటే గొప్ప సీజన్ ఇదే. సేవ్‌లు మాత్రం ఐదే. సేవ్‌ల పట్టిక చూసేవాళ్లకు ఈ సీజన్ కనపడనే కనపడదు.

అసలు "సేవ్" అంటే ఏంటి?

షికాగో క్రీడా విలేకరి జెరోమ్ హోల్ట్‌జ్‌మన్ ఆలోచన ఇది. 1969లో అధికారిక లెక్కల్లోకి వచ్చింది. గెలిచిన జట్టు తరఫున చివరగా వేసిన పిచర్ అయి ఉండాలి, విజయం అతని ఖాతాలో పడి ఉండకూడదు. దానికి తోడు ఈ మూడింటిలో ఒకటి కుదరాలి: మూడు రన్స్ లేదా అంతకంటే తక్కువ ఆధిక్యంతో వచ్చి కనీసం ఒక ఇన్నింగ్ వేయాలి, లేదా స్కోరు సమం చేయగల ప్రత్యర్థి బేస్ మీదో, బ్యాటింగ్‌లోనో, ఆ తర్వాతి వరసలోనో ఉన్నప్పుడు రావాలి, లేదా చక్కగా మూడు ఇన్నింగ్స్ వేయాలి. ఆధిక్యం పోగొడితే బ్లోన్ సేవ్.

నిబంధనలో లోపం ఉంది. మూడు రన్స్ ముందుండి తొమ్మిదో ఇన్నింగ్ వేస్తే ఒక సేవ్. స్కోరు సమంగా ఉండి బేస్‌లన్నీ నిండిన ఏడో ఇన్నింగ్‌లో వచ్చి గట్టెక్కించినవాడికి సేవ్ రాదు. మొదటిదాని కంటే రెండోది ఎన్నో రెట్లు కష్టం. అందుకే రివేరా గురించి 652 సేవ్‌లు అని మొదలుపెట్టి అక్కడే ఆపేస్తే అతనికి అన్యాయం చేసినట్టే.

మరి ఏ లెక్క చూడాలి?

పోస్ట్‌సీజన్. అంటే సీజన్ ముగిశాక వచ్చే నాకౌట్ సిరీస్‌లు. అక్కడ అన్నీ మంచి జట్లే, తేలిక రోజులుండవు. రివేరా అక్కడ 96 మ్యాచ్‌ల్లో 141 ఇన్నింగ్స్ వేశాడు. అతని ఖాతాలో పడిన రన్స్ 11. ఈఆర్ఏ 0.70. అతను ఇచ్చిన హోమ్ రన్స్ (క్రికెట్ సిక్సర్ల లాంటివి) రెండే రెండు: 1997లో శాండీ అలొమార్ జూనియర్, 2000లో జే పేటన్.

ఇంకో విషయం. సీజన్‌లో ఒక్క ఇన్నింగ్ వేసే మనిషిని అక్టోబర్ వచ్చేసరికి మేనేజర్ జో టోరీ ఎనిమిదో ఇన్నింగ్‌లోనే పిలిచేవాడు. పోస్ట్‌సీజన్‌లో చేసిన 42 సేవ్‌లలో సగానికి పైగా మూడు కంటే ఎక్కువ అవుట్లు తీసినవే. 2003 అక్టోబర్ 16న బోస్టన్ రెడ్ సాక్స్ మీద సిరీస్ తేల్చే ఏడో మ్యాచ్‌లో, స్కోరు సమంగా ఉండగా తొమ్మిది, పది, పదకొండు, వరసగా మూడు ఇన్నింగ్స్ వేశాడు. పదకొండో ఇన్నింగ్‌లో యాంకీస్ ఆటగాడు ఆరన్ బూన్ హోమ్ రన్ కొట్టాడు. అందరూ బూన్ చుట్టూ చేరుతుంటే రివేరా ఒక్కడే పిచర్ నిలబడే మౌండ్ దగ్గరికి పరుగెత్తి, నేల మీద పడి ఏడ్చాడు. ఆ సిరీస్ ఉత్తమ ఆటగాడి అవార్డు అతనికే ఇచ్చారు. ఆ రోజు అతని పేరు పక్కన పడింది సేవ్ కాదు, విన్.

లీగ్ ఛాంపియన్‌ని తేల్చే వరల్డ్ సిరీస్‌లు ఐదు గెలిచాడు: 1996, 1998, 1999, 2000, 2009. చివరి నాలుగింటిలో ఆఖరి అవుట్ తీసినప్పుడు మౌండ్ మీద ఉన్నది అతనే.

ఒకే రకం బంతితో ఇన్నేళ్లు ఎలా నెగ్గుకొచ్చాడు?

ఆ బంతి పేరు కట్ ఫాస్ట్‌బాల్, వాడుకలో కట్టర్. మామూలు ఫాస్ట్‌బాల్‌లాగే వస్తుంది. ప్లేటు (బ్యాటర్ నిలబడే చోట నేల మీద ఉండే పలక) దగ్గరికొచ్చాక, బ్యాటర్ స్వింగ్ మొదలుపెట్టేశాక, కొన్ని అంగుళాలు పక్కకు జరుగుతుంది. కుడిచేతి వాటం రివేరా వేస్తే ఎడమచేతి బ్యాటర్ల చేతుల వైపు దూసుకెళ్తుంది. బ్యాటు లావుపాటి భాగానికి తగలాల్సిన బంతి పిడి దగ్గర సన్నగా ఉన్న చోట తగులుతుంది. బ్యాటు ఫట్‌మని విరుగుతుంది. ఎన్ని విరిచాడంటే, 2013లో అతని చివరి సీజన్‌లో మిన్నెసోటా ట్విన్స్ విరిగిన బ్యాట్లతో ఊగే కుర్చీ చేయించి అతనికి బహుమతిగా ఇచ్చారు.

ఈ బంతిని ఎవరూ నేర్పలేదు. 1997లో సహచరుడు రమీరో మెండోసాతో మామూలుగా క్యాచ్ ఆడుతుంటే బంతి దానంతటదే పక్కకు పోవడం మొదలైంది. మెండోసా పట్టుకోలేక విసుక్కున్నాడు. మొదట రివేరా, పిచింగ్ కోచ్ మెల్ స్టాటిల్‌మైర్ ఇద్దరూ దాన్ని సరిచేయాలనే చూశారు. ఎంత చూసినా బంతి తిన్నగా రాలేదు. సరే, దీంతోనే వేద్దామనుకున్నారు. భక్తిపరుడైన రివేరా అది దేవుడిచ్చిందనే చెప్తాడు.

అయితే కదలిక ఒక్కటే సరిపోదు. కట్టర్ వస్తుందని బ్యాటర్‌కి ముందే తెలుసు. తెలిసినా కొట్టలేకపోయాడంటే కారణం, ప్రతిసారీ అదే భుజం, అదే మణికట్టు, అదే కదలికతో వేసి, ప్లేటుకి ఈ అంచున గానీ ఆ అంచున గానీ అనుకున్న చోటే పడేయగలగడం. కుర్రాళ్లు అతని వీడియోల్లో బంతిని కాకుండా తలని చూడాలని నా సలహా. వేస్తున్నంతసేపూ తల అటూ ఇటూ కదలదు.

ఓడిపోయిన మ్యాచ్‌ల సంగతి?

రిలీఫ్ పిచర్ తప్పు చేస్తే దిద్దుకోవడానికి తర్వాతి ఇన్నింగ్ ఉండదు. మ్యాచ్ అయిపోతుంది. స్టార్టర్ మొదటి ఇన్నింగ్‌లో రెండు రన్స్ ఇస్తే సాయంత్రానికి ఎవరికీ గుర్తుండదు. క్లోజర్ రెండు రన్స్ ఇస్తే మర్నాడు పేపర్ మొదటి పేజీలో పడతాడు. రివేరాకీ అలాంటి రాత్రులు ఉన్నాయి, అవి కూడా దేశమంతా చూస్తున్న రాత్రులు.

1997 అక్టోబర్‌లో క్లీవ్‌లాండ్‌లో, సిరీస్ గెలవడానికి నాలుగు అవుట్ల దూరంలో, శాండీ అలొమార్ హోమ్ రన్ కొట్టాడు. క్లోజర్‌గా రివేరాకి అది మొదటి ఏడాది. టోరీ అతన్ని మార్చలేదు.

2001 నవంబర్ 4, ఫీనిక్స్. అరిజోనా డైమండ్‌బ్యాక్స్‌తో వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్. యాంకీస్ 2-1తో ముందున్నారు. ఎనిమిదో ఇన్నింగ్‌లో రివేరా ముగ్గుర్ని స్ట్రైక్‌అవుట్ చేశాడు. తొమ్మిదిలో మొదట మార్క్ గ్రేస్ సింగిల్ (మొదటి బేస్ చేర్చే హిట్). తర్వాతి బంట్‌ని (బ్యాటు ఊపకుండా మెల్లగా తాకించిన బంతిని) అందుకుని రివేరా రెండో బేస్‌కి విసిరిన బంతి పక్కకు పోయింది, పొరపాటు అతనిదే. టోనీ వోమాక్ డబుల్‌తో (రెండో బేస్ చేర్చే హిట్) స్కోరు సమం. బేస్‌లు నిండాయి. రన్‌ని ప్లేటు దగ్గరే ఆపడానికి ఇన్‌ఫీల్డర్లు ముందుకు జరిగారు. లూయిస్ గొంజాలెజ్‌కి కట్టర్ సరిగ్గానే పడింది. బ్యాటు విరిగినంత పనై బంతి మెల్లగా గాల్లోకి లేచి, యాంకీస్ షార్ట్‌స్టాప్ డెరెక్ జీటర్ వెనక, మామూలుగా అతను నిలబడే చోటికి కాస్త అవతల పడింది. 3-2, సిరీస్ పోయింది.

ఆ తర్వాత జరిగింది ఎక్కువమందికి తెలియాలి. యాంకీస్ గెలిచి ఉంటే న్యూయార్క్‌లో ఊరేగింపు ఉండేది. సహచరుడు ఎన్‌రికే విల్సన్ ఊరేగింపు చూసుకుని, నవంబర్ 12న అమెరికన్ ఎయిర్‌లైన్స్ 587 విమానంలో డొమినికన్ రిపబ్లిక్‌కి వెళ్లాల్సింది. ఓడిపోయాక ముందే వెళ్లిపోయాడు. ఆ విమానం న్యూయార్క్‌లోనే కూలి అందులో ఉన్న 260 మందీ చనిపోయారు. ఓడిపోయినందుకు సంతోషంగా ఉందని, తన స్నేహితుడు మిగిలాడని రివేరా అన్నాడు.

2004 పోస్ట్‌సీజన్‌లో బోస్టన్‌తో సిరీస్ నాలుగో మ్యాచ్‌లో తొమ్మిదో ఇన్నింగ్ ఆధిక్యం పోగొట్టాడు. ఒక వాక్ (నాలుగు చెడ్డ బంతులకు బ్యాటర్‌కి ఉచితంగా వచ్చే మొదటి బేస్), డేవ్ రాబర్ట్స్ దొంగిలించిన బేస్ (పిచర్ బంతి వేస్తుండగా తర్వాతి బేస్‌కి పరుగు), బిల్ మ్యూలర్ సింగిల్. 3-0తో వెనకబడిన రెడ్ సాక్స్ అక్కణ్నుంచి సిరీస్ మొత్తం తిప్పేశారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో బోస్టన్ మైదానంలో ఆటగాళ్లను పరిచయం చేస్తుంటే అక్కడి జనం రివేరా పేరు వినగానే లేచి వెటకారంగా చప్పట్లు కొట్టారు. అతను పెద్దగా నవ్వి టోపీ తీసి చూపించాడు. చాలామందికి ఆ చోట మొహం చూపించడమే కష్టమయ్యేది.

మ్యాచ్ జరుగుతున్నంతసేపూ రిలీఫ్ పిచర్ ఏం చేస్తాడు?

ఎదురుచూస్తాడు. బుల్‌పెన్ అంటే మైదానం అంచున ఉండే ప్రాక్టీస్ చోటు. మేనేజర్, జట్టు కూర్చునే డగౌట్ నుంచి అక్కడికి ఫోన్ ఉంటుంది. ఫోన్ మోగితే ఫలానావాణ్ని లేపండని కబురు. లేచి, చెయ్యి వేడెక్కేదాకా వేస్తాడు. ఒక్కోసారి అంతా సిద్ధమయ్యాక వద్దంటారు, మళ్లీ కూర్చుంటాడు. ఆ బంతులు ఏ పట్టికలోనూ కనపడవు, భుజానికి మాత్రం తెలుస్తాయి. సీజన్‌కి 60 నుంచి 70 మ్యాచ్‌లు వేస్తే, లేచి కూర్చున్న రోజులు వాటికి అదనం.

డబ్బు బాగానే వస్తుందా?

పైన ఉన్నవాళ్లకు చాలా బాగా. 2022 చివర్లో న్యూయార్క్ మెట్స్ ఎడ్విన్ డియాజ్‌కి ఐదేళ్లకు 10.2 కోట్ల డాలర్లు ఒప్పుకుంది. రిలీఫ్ పిచర్‌కి పది కోట్లు దాటిన మొదటి ఒప్పందం అది. నాలుగైదు నెలలకే వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్‌లో గెలుపు సంబరాల్లో గెంతుతూ మోకాలి స్నాయువు తెగి 2023 సీజన్ మొత్తం పోయింది.

కింద ఉన్నవాళ్ల బతుకు వేరు. 26 మంది జట్టులో 13 మంది పిచర్లకు మించకూడదు. నిన్న రెండు ఇన్నింగ్స్ వేసి అలిసిన రిలీవర్‌ని ఇవాళ మైనర్స్‌కి పంపి తాజా చెయ్యి ఉన్నవాణ్ని పిలిపించడం మామూలే. ఇలా ఒకే ఆటగాణ్ని సీజన్‌లో ఐదుసార్లకు మించి కిందికి పంపకూడదని 2022 నుంచి పరిమితి పెట్టారంటే ఎంత తిప్పేవారో ఊహించుకోండి. పెద్ద లీగ్‌లో కనీస జీతం 2025లో 7,60,000 డాలర్లు, కానీ జట్టులో ఉన్న రోజుల లెక్కనే వస్తుంది. నచ్చిన జట్టుకు వెళ్లే స్వేచ్ఛ రావాలంటే ఆరేళ్ల సర్వీసు కావాలి. చాలామంది రిలీవర్ల చెయ్యి అన్నేళ్లు నిలవదు.

రివేరాకి గాయాలు కాలేదా?

అయ్యాయి. అన్నిటికంటే పెద్దది 2012 మే 3న కాన్సస్ సిటీలో. మ్యాచ్‌కి ముందు సహచరులు బ్యాటింగ్ ప్రాక్టీస్ చేస్తుంటే అవుట్‌ఫీల్డ్‌లో క్యాచ్‌లు పట్టడం అతనికి ఎప్పటి నుంచో ఉన్న సరదా. ఆ రోజు గోడ దగ్గర కుడి మోకాలు మెలిపడి లిగమెంట్ తెగింది. వయసు 42. ఇలా ముగించనని చెప్పి, 2013లో తిరిగొచ్చి 44 సేవ్‌లు చేశాడు.

రివేరా వేసుకున్న 42 నంబర్ కథేంటి?

నల్లజాతి ఆటగాళ్లకు పెద్ద లీగ్ తలుపులు తెరిచిన జాకీ రాబిన్సన్ గౌరవార్థం 1997లో అన్ని జట్లలోనూ ఆ నంబర్‌ని ఇకపై ఎవరికీ ఇవ్వకూడదని లీగ్ నిర్ణయించింది. అప్పటికే వేసుకుంటున్నవాళ్లను మాత్రం ఉంచుకోనిచ్చారు. వాళ్లలో చివరిదాకా మిగిలింది రివేరా.

అమెరికాలో మా అబ్బాయిని లిటిల్ లీగ్‌లో రిలీఫ్‌గానే పంపుతున్నారు. కోచ్‌తో మాట్లాడాలా?

స్టార్టర్‌గా ఎందుకు పెట్టలేదని గొడవ పడొద్దు. ఎన్ని బంతులు వేయిస్తున్నారో మాత్రం తప్పకుండా అడగండి. లిటిల్ లీగ్‌లో 9, 10 ఏళ్లవాళ్లకు రోజుకు 75, 11, 12 ఏళ్లవాళ్లకు 85 బంతులు గరిష్ఠం. 66 లేదా అంతకంటే ఎక్కువ వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి ఇవ్వాలి. ఒకే వారాంతంలో రెండు మూడు జట్లకు ఆడే పిల్లలకు ఈ లెక్క తప్పిపోతుంది. ఒక కోచ్‌కి ఇంకో కోచ్ వేయించింది తెలియదు. కాబట్టి లెక్క మీరే రాసి పెట్టుకోండి. మోచెయ్యి లోపలి వైపు నొప్పి అంటే ఆ రోజుకి ఆట ఆపేయాలి, డాక్టర్‌కి చూపించాలి. కట్టర్, వంగి పడే కర్వ్ నేర్పమని తొందరపెట్టకండి. తిన్నగా, అనుకున్న చోట పడే ఫాస్ట్‌బాల్ వస్తే ఆ వయసుకి చాలు.

మనవాళ్లెవరైనా ఈ పని చేశారా?

2008లో భారత్‌లో జరిగిన ఓ పోటీలో ఉత్తరప్రదేశ్ కుర్రాళ్లు రింకూ సింగ్, దినేష్ పటేల్ ముందు నిలిచి, ఆ నవంబర్‌లో పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో సంతకం చేశారు. ఇద్దరూ ఈటె విసిరేవాళ్లు, బేస్‌బాల్ ముట్టుకున్నది ఆ ఏడాదే. రింకూ ఎడమచేతి పిచర్, మైనర్ లీగ్‌లో కొన్నేళ్లు ఎక్కువగా రిలీఫ్‌లోనే వేశాడు. గాయాలు ఆపేశాయి. పెద్ద లీగ్ దాకా ఇద్దరూ రాలేదు. వాళ్ల ప్రయత్నాన్ని తక్కువ చేయకూడదు. పదేళ్లు ఆడి వచ్చినవాళ్లలోనే ఎక్కువమంది మధ్యలో ఆగిపోతారు.

652 రికార్డు ఎవరైనా దాటగలరా?

సమీపంలో ఎవరూ లేరు. హాఫ్‌మన్ 601 తర్వాత 500 దాటినవాడు ఇంకొకడు లేడు. కెన్లీ జాన్సెన్ 450 దాటాడు, అదీ ముప్ఫై ఏడేళ్ల వయసులో. దాటాలంటే ఏడాదికి 40 చొప్పున పదహారేళ్లకు పైగా చేయాలి. ఇప్పటి జట్లు తమ ఉత్తమ రిలీవర్‌ని తొమ్మిదో ఇన్నింగ్‌కే కట్టేయడం లేదు. ఏడులో ప్రత్యర్థి బలమైన బ్యాటర్లు వస్తే ఏడులోనే దింపుతున్నాయి. అదీగాక వేగం కోసం చేతుల మీద పడుతున్న ఒత్తిడి పెరిగింది, మోచేతి లిగమెంట్ మార్చే టామీ జాన్ ఆపరేషన్ ఒక్కటి అయితే ఏడాది, ఏడాదిన్నర పోతుంది. రివేరాకి 1992లో ఆ ఆపరేషనే కావాలనుకుని కోసి చూశారు, లిగమెంట్ మార్చాల్సిన అవసరం లేదని తేలింది.